అప్‌డేట్: ధర్మాబాద్ నల్లరేగడిలో ఇల్లు, కారు వర్క్‌షాప్

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గరి మా పొలంలో ఇంటినీ, దానికి విడిగా కారు వర్క్‌షాప్‌నూ కట్టదలచామనీ, నల్లరేగడిలో పునాది ఎలా వేయాలనీ లోగడ అడిగాను. సలహా ఇచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు.

భూమికి ఎన్.ఏ. (వ్యవసాయేతర వాడకం) అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టాం. వానకు ఉబ్బి, ఎండకు బీటలువారే ఈ నేలలో ఇంటి కోసం, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్‌నే ఎంచుకున్నాం. అడుగున గుబ్బలా వెడల్పయ్యే ఈ కాంక్రీటు పైల్స్‌ను, ఋతువులతో తేమ అంతగా మారని లోతుకు, 3.5 మీటర్లకు తగ్గకుండా దించి, వాటిని కలుపుతూ గోడలను మోసే ప్లింత్ బీమ్ కింద మట్టి ఉబ్బడానికి ఖాళీ వదిలాం.

నా ఉద్దేశంలో వర్క్‌షాప్‌కు గోడలకన్నా కాంక్రీటు నేలే ముఖ్యం, ఎందుకంటే రెండు స్తంభాల లిఫ్ట్ ఎత్తే కారు బరువంతా ఆ కాంక్రీటు మీదే పడుతుంది. అందుకే అక్కడి నల్లమట్టిని తవ్వి తీసేసి, మొరం పొరలు పొరలుగా పోసి, తడిపి, రోలర్‌తో గట్టిపరిచాం. ఫ్లోర్ స్లాబ్‌ను షెడ్డు స్తంభాలకు అతకకుండా జాయింట్ వదిలాం. లిఫ్ట్ నిలిచే చోట మాత్రం స్లాబ్‌ను మందంగా, అదనపు ఇనుముతో పోయించాం. చూరు నీరు పునాది దగ్గర నిలవకుండా చుట్టూ వాలుగా ఏప్రన్ (గోడను ఆనుకుని వేసే గచ్చు) కూడా వేయిస్తున్నాం.

కాంక్రీటును తడిపి ఉంచే క్యూరింగ్ సాగుతోంది, 28 రోజులు నిండాకే లిఫ్ట్ బోల్టులు బిగిస్తాం.