రాత్రి వీధుల మ్యాపింగ్: మీ ఏరియాలో ఎలా చేశారు?

ఉప్పల్_ఉష: మా కాలనీ ఆడవాళ్లం కొందరం స్ట్రీట్‌కంప్లీట్ యాప్ పెట్టుకున్నాం. ఈ వీధికి దీపాలున్నాయా, ఫుట్‌పాత్ ఉందా అని అది అడుగుతుంది. మన జవాబు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి, అంటే ఎవరైనా వివరాలు చేర్చగల ఉచిత మ్యాప్‌లోకి వెళ్తుంది. చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, పనికొస్తుందా?

సెకండ్_షిఫ్ట్: మేం బేగంపేట వైపు చేశాం. పగలు తిరిగితే దండగ. స్తంభం ఉంటుంది, లైటూ ఉంటుంది, కానీ రాత్రి అది వేపకొమ్మల మధ్యలో వెలుగుతుంటుంది, కింద రోడ్డంతా చీకటే. షిఫ్ట్ దిగి బస్టాప్‌కు నడిచే టైములోనే చూడాలి. ఇంకోటి, బల్బు పోయిన చోట 'దీపాల్లేవు' అని కొట్టకండి, అది ఫిర్యాదు చేయాల్సిన పని. అసలు దీపాలే వేయని వీధిని మాత్రం మ్యాప్‌లో పెట్టండి. ఈ రెండూ విడదీసి రాశాకే వార్డు ఆఫీసులో మా కాగితం చదివారు.

ప్లానింగ్_పిల్ల: ఢిల్లీలో సేఫ్టీపిన్ అనే సంస్థ ఇదే పని పెద్దగా చేసింది. కల్పనా విశ్వనాథ్, ఆశిష్ బసు 2013లో మొదలుపెట్టారు. వెలుతురు, నడకదారి, చుట్టూ జనం, వాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది... ఇలా 9 అంశాలు చూసి ఒక్కో చోటికి స్కోరు ఇస్తారు. కార్ల ముందు అద్దానికి ఫోన్లు బిగించి రాత్రిపూట ఫోటోలు తీయించారు. 7 వేలకు పైగా చీకటి చోట్లు తేలాయి. ఆ జాబితా ప్రభుత్వానికి ఇచ్చారు, తర్వాతి సర్వేలో సంఖ్య బాగా తగ్గింది.

బస్తీ_బాల: స్కోర్లంటేనే నాకు టెన్షన్. స్కోరు తక్కువని మ్యాప్‌లో మా బస్తీకి ఎర్ర రంగు పూస్తే ఆటో రాదు, అంతే. మేమెక్కడికి పోతాం? లైటు లేదని రాయండి. మా వీధి మంచిది కాదని రాయకండి.

ఉప్పల్_ఉష: రంగులు వద్దండీ, ఒప్పుకుంటున్నా. టాయిలెట్ల సంగతి?

సెకండ్_షిఫ్ట్: ఆడవాళ్లకుందా, డబ్బులు తీసుకుంటారా, ఎన్నింటిదాకా తీస్తారు, వీల్‌చైర్ వెళ్తుందా, అన్నిటికీ మ్యాప్‌లో చోటుంది. కానీ బోర్డు చూసి రాయకండి. పక్కన పూలమ్మే ఆవిణ్ణి అడగండి, తాళం ఎప్పుడు పడుతుందో ఆవిడకే తెలుసు. స్మార్ట్‌ఫోన్ లేని వాళ్ల మాట మ్యాప్‌లోకి ఎక్కేది అలాగే.

బస్తీ_బాల: అక్కా, రాత్రి తిరగడానికి మా ఇంట్లో పంపరు.

సెకండ్_షిఫ్ట్: ఒక్కదానివే వెళ్లకు. మేం ముగ్గురం నలుగురం కలిసి వెళ్తాం, ఒకరు ఫోన్ చూస్తుంటే మిగతావాళ్లు రోడ్డు చూస్తారు. ఐఫోన్ ఉన్నవాళ్లు ఎవ్రీ డోర్ యాప్ వేసుకోండి, అందులో రాసిందీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకే వెళ్తుంది.