అక్కేనా, అర్కేనా?

తీరతోట: భీమిలి ఇసుకనేలలో ప్రహరీ వెంట తెల్లజిల్లేడు పెంచుతున్నాను. ఉప్పుగాలికి మందారాలు మాడిపోయినా ఇది ఏడాది పొడుగునా వెండిబూడిద రంగు ఆకులతో కళకళలాడుతోంది. పూలమీద తుమ్మెదలను చూస్తే "...చేన్మధు విందేత కిమర్థం పర్వతం వ్రజేత్" గుర్తొచ్చింది. ఈ సంస్కృతలోకోక్తిలో మొదటిమాట అక్కే (ఇంటిమూలన) అనా, అర్కే (జిల్లేడులో) అనా?

తాళపత్రం: అక్కే. సాంఖ్యదర్శన వ్యాఖ్య అయిన సాంఖ్యతత్త్వకౌముదిలో వాచస్పతిమిశ్రుడు ఎత్తుకున్న పాఠం అదే. ఇంటిమూలనే తేనె దొరికితే కొండకెందుకు? జిల్లేడు పాలచెట్టు, దాంట్లో తేనె ఎక్కడిది?

తీరతోట: ఉందండీ. పెద్ద నల్లతుమ్మెదలు ఆ మకరందం కోసమే వస్తాయి, పరాగం మోసేదీ అవే.

వలపలగిలక: మీమాంసాసూత్రాల వ్యాఖ్య శాబరభాష్యంలో 'అర్కే' అనే చదివాను. మన పాతరాతలో రేఫ (ర్) తర్వాతి హల్లుకు ద్విత్వం (జంట) వచ్చేది: అర్క్కే. వలపలగిలక (అక్షరం పక్కన రాసే రేఫ గుర్తు) ఒక్కటి జారిపోతే మిగిలేది 'అక్కే'. లేఖకుడి చేతిలో పుట్టిన పాఠం ఇది.

తాళపత్రం: నాగరి ప్రతుల్లోనూ 'అక్కే' ఉంది కదా. అక్కడ వలపలగిలక ఎక్కడిది?

వలపలగిలక: నాగరిలోనూ ద్విత్వం రాసేవారు. పైనుండే రేఫ చెరిగితే అంతే సంగతి.

ప్రాకృతప్రియ: అర్కశబ్దం ప్రాకృతంలో 'అక్క' అవుతుంది. లోకోక్తి జనం నోటినుంచి వచ్చింది కాబట్టి రెండూ ఒకటే చెట్టు. కన్నడంలో జిల్లేడును 'ఎక్క' అంటారు, అదీ చూడండి.

తాళపత్రం: తమిళంలో 'ఎరుక్కు'. అది ద్రావిడధాతువు, అర్కంతో ముడిపెట్టకండి. ఛందస్సు కూడా తేల్చదు, రెండు మాటలూ గురుద్వయమే.

నవమాలిక: అర్కం అనగానే నాకు కాళిదాసే. శాకుంతలం రెండో అంకంలో దుష్యంతుడు "అర్కస్యోపరి శిథిలం చ్యుతమివ నవమాలికాకుసుమమ్" అంటాడు. కణ్వుడు జిల్లేడట, శకుంతల దానిమీద రాలిపడిన విరజాజి! ముని ఆశ్రమానికి ఇంతకన్నా సరైన చెట్టు దొరుకుతుందా?

వలపలగిలక: అక్కడ అర్కాన్ని సూర్యుడిగా అన్వయించినా అందమే.

నవమాలిక: సూర్యుడిమీద పువ్వు ఎలా రాలుతుందండీ? తీరతోటగారూ, కొమ్మ నాటితే బతుకుతుందా?

తీరతోట: బతుకుతుంది. కోసినచోట పాలు ఆరనిచ్చి నాటండి, నీరు నిలవనివ్వకండి. పాలు కంట్లో పడితే ప్రమాదం, జాగ్రత్త. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

నవమాలిక: పినవీరన తెలుగు కావ్యం శృంగారశాకుంతలం ఎవరి దగ్గరుంది? ఆ జిల్లేడును తెలుగులోకి తెచ్చాడో, వదిలేశాడో చూసి చెప్పండి.