డ్రిప్ రాయితీతో నీళ్లు మిగిలాయా, తోటలు పెరిగాయా?

శింగనమల శీను: మన అనంతపురంలో 2003 నుంచి సూక్ష్మసేద్యం పథకం నడుస్తోంది. ఐదెకరాల లోపు రైతుకు డ్రిప్ మీద 90 శాతం రాయితీ. భూగర్భజలాలు కాపాడతామని పేరు. మంచి వానలు పడ్డ ఏళ్లు తీసేస్తే బోర్లు ఇంకా లోతుకే పోతున్నాయి కదా, మరి ఏం కాపాడినట్టు?

చీనీతోట: డ్రిప్ లేకపోతే నా చీనీ (బత్తాయి) చెట్లు ఎప్పుడో కట్టెలయ్యేవి. కాలువ పారించినప్పుడు నీళ్లు మడి చివరికి చేరేవే కావు. ఇప్పుడు అదే బోరుతో తోటంతా తడుస్తోంది. ఇంకోటి, అందరూ ఫ్రీ ఫ్రీ అంటారు. 10 శాతం మేం కట్టాం. రాయితీ డబ్బు మా చేతికి రాదు, కంపెనీకే పోతుంది.

శింగనమల శీను: 10 శాతం సంగతి నేను అడగలేదన్నా. మిగిలిన నీళ్లు ఏం చేశారు?

చీనీతోట: పక్కన బీడుంటే దానిమ్మ పెట్టాం. నీళ్లుండగా ఎండబెట్టుకోమంటావా?

వానచుక్క: దొరికింది జవాబు 😀

శింగనమల శీను: అదే చెబుతున్నా. కాలువ పారిస్తే కొంత నీరు మళ్లీ భూమిలోకే ఇంకేది. డ్రిప్‌లో దాదాపు అంతా చెట్టే తాగుతుంది. పైగా పెరిగిన తోట. ఉచిత కరెంటు, ఆటో స్టార్టర్ ఉన్నాయి, కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆగదు. పొదుపు మీ చేనుకే గానీ ఊరికి కాదు.

కౌలు బతుకు: పట్టాదారు పాస్‌బుక్ లేదని నా దరఖాస్తే తీసుకోలేదు.

చీనీతోట: అది వేరే టాపిక్ పెట్టుకో తమ్ముడూ. శీనూ, నువ్వుండేది బెంగళూరులో. ట్యాంకర్ నీళ్లు తాగుతూ మాకు పొదుపు నేర్పుతావా? 10 శాతం అప్పు తెచ్చి కట్టినోణ్ణి నేను.

శింగనమల శీను: బెంగళూరు ఎందుకొచ్చానో విను. పక్క చేనుకి డ్రిప్ వచ్చింది, వాళ్ల తోట రెండింతలైంది. మా నాన్న బోరు ఎండిపోయింది. అప్పు చేసి వేసిన కొత్త బోర్లూ ఫెయిల్. చేను అమ్ముకున్నాం. కొన్నది ఎవరనుకున్నావ్? ఆ పక్క చేనాయనే.

చీనీతోట: పాపమే. కానీ ఆయన తన పొలంలోనే కదా తోడుకున్నాడు.

శింగనమల శీను: నా గొడవంతా అక్కడే. పైపులకి డబ్బు అందరిదీ, నీళ్లు మాత్రం ఆయనవా? రాయితీ తీసుకునేవాళ్లు కొత్త బోరు వేయం, సాగు పెంచం అని రాసివ్వాలి. నీళ్లు, భూమి, చెట్లు కాపాడతామని 2002లో వాల్టా చట్టం తెచ్చి ఏం లాభం?

చీనీతోట: నా పొలం కింద నీళ్లు నావి. రాసిచ్చేది లేదు. కావాలంటే రాయితీ ఆపుకోమను.

వానచుక్క: జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోర్లన్నీ పైపులతో కలిపి పంచుకున్నారు, కొత్త బోరు వద్దని కట్టుబాటు పెట్టుకున్నారు.

చీనీతోట: మా ఊళ్లో గుడి తాళం ఎవరి దగ్గరుండాలో ఇంకా తేలలేదు. బోర్లు కలుపుతారంట!

కౌలు బతుకు: పాత డ్రిప్ లేటరల్ పైపులు ఎవరైనా అమ్ముతుంటే చెప్పండన్నా.