వెనక గ్యాలరీ రెయిలింగ్: కిట్‌లో వచ్చిన లోహపు పట్టీ పెట్టాలా, చెక్కతో చేసుకోవాలా?

తెరచాప64:
అందరికీ నమస్కారం. 1:64 స్కేలులో 18వ శతాబ్దపు 74 ఫిరంగుల యుద్ధనౌక మోడల్ కడుతున్నాను. పలకలు వేయడం, డెక్ పని అయిపోయాయి, ఇప్పుడు వెనక గ్యాలరీ (ఓడ వెనక కిటికీల దగ్గర ఉండే వసారా) దగ్గర ఆగిపోయాను. రెయిలింగ్ కింద వరుసగా నిలబడే చిన్న స్తంభాలున్నాయి కదా, ఆ బాలస్టర్లన్నీ కలిపి ఒకే పట్టీగా తెల్లలోహంలో (తగరం మిశ్రమం) పోత పోసి కిట్ వాళ్లు ఇచ్చారు. రంగు వేసి అతికిస్తే ఒక్క సాయంత్రం పని. కానీ ఓడంతా చెక్కతో కట్టి, అందరి చూపూ ముందుగా పడే చోట లోహం పెట్టడానికి మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

చిన్నఉలి:
చెక్కతోనే చేయండి. లోహం అంటే చిన్నచూపు ఉండి చెప్పడం లేదు, ఆ పట్టీ ఆకారమే అక్కడ కుదరదు. ఓడ పక్కలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి. అందుకే వెనక కిటికీల మధ్య నిలువు కమ్మీలు నడుమ మాత్రమే నిటారుగా ఉండి, అటూ ఇటూ చివరలకు పోయేకొద్దీ కొద్దికొద్దిగా లోపలికి ఒరుగుతాయి. బాలస్టర్లు కూడా అదే ఒరుగులో నిలబడాలి. మీ పట్టీలో అన్నీ సమాంతరంగా ఉన్నాయి. పైగా వెనక గ్యాలరీ అడుగు మధ్యలో కాస్త పైకి లేచి విల్లులా ఉంటుంది, దానికి తగ్గట్టు పట్టీని వంచారనుకోండి, బాలస్టర్ల తలలు బయటికి విచ్చుకుంటాయి. లోపలికి చేరాల్సినవి బయటికి పోతాయి, అంటే సరిగ్గా ఉల్టా. వెనక నుంచి చూసేవాడికి తేడా ఏమిటో చెప్పడం రాకపోయినా ఏదో బాగోలేదని మాత్రం తెలిసిపోతుంది.

ఇక లావు. అసలు ఓడలో మూడంగుళాల బాలస్టర్ 1:64లో 1.2 మి.మీ. వస్తుంది. కాలిపర్‌తో మీ పట్టీ కొలవండి. 2 మి.మీ. ఉంటే అసలు ఓడలో 5 అంగుళాల దుంగలు పెట్టినట్టే లెక్క.

నల్లపూత:
నేను ఒప్పుకోను. చెక్క, చెక్క అని పట్టుకుని వెనక గ్యాలరీ దగ్గరే ఆగిపోయిన మోడళ్లు ఎన్నో చూశాం. పూర్తయిన ఓడ ముఖ్యం. ఒరుగు కుదరకపోతే పట్టీని కోసి ఒక్కో బాలస్టర్‌నూ విడిగా నిలబెట్టుకోవచ్చు కదా? తెల్లలోహం మెత్తన, సన్నటి ఆకురాయి నాలుగుసార్లు ఆడిస్తే లావు కూడా తగ్గుతుంది. అసలు ఓడల్లో ఈ రెయిలింగులకు రంగు వేసేవారు, చాలావాటికి బంగారు రేకు బదులు పసుపు రంగే. రంగు పడ్డాక కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది?

ఇంకో మాట. 1793 నుంచి 1815 వరకు జరిగిన యుద్ధాల్లో బ్రిటన్‌కు చిక్కిన ఫ్రెంచ్ ఖైదీలు తిండిలో వచ్చిన ఎముకలతో ఓడ మోడళ్లు చేశారు. ఈరోజు అవి మ్యూజియాల్లో ఉన్నాయి. ఎముకతో ఎందుకు చేశారు, ఇది అసలైన మోడల్ కాదు అని ఎవరైనా అంటారా?

పాతపటం:
లోహమా చెక్కా అని తేల్చుకునే ముందు, మీరు కట్టేది ఏ సంవత్సరంలో ఉన్న ఓడో చెప్పండి. బ్రిటిష్ యుద్ధనౌక విక్టరీనే తీసుకోండి. 1765లో నీళ్లలోకి దిగినప్పుడు దాని వెనక తెరిచిన గ్యాలరీలు ఉండేవి, మనుషులు బయటికి వచ్చి నిలబడే రెయిలింగులు. 1800–1803 మధ్య పెద్ద మరమ్మతులో వాటిని మూసేశారు. కాబట్టి 1805లో ట్రఫాల్గర్ యుద్ధం నాటి విక్టరీకి తెరిచిన గ్యాలరీ పెడితే, చెక్కతో ఎంత బాగా చేసినా తప్పే. అంతకుముందు 1703లోనే ఇంగ్లిష్ నౌకాదళం చెక్కడాలు తగ్గించి ఇవి మాత్రమే ఉంచమని ఆదేశం ఇచ్చింది: ఓడ ముందు సింహం బొమ్మ, దాని వెనక పలక, ఓడ వెనక పై కమ్మీ, రెండు పక్క బొమ్మలు, కిటికీల మధ్య బ్రాకెట్ల బదులు సాదా మోల్డింగులు (గాళ్లు తీసిన పట్టీలు). ఆ ఆదేశాన్ని అందరూ ఒకేలా పాటించలేదు గానీ, ఆ తర్వాతి ఓడకు 1637 నాటి సావరిన్ ఆఫ్ ది సీస్ అనే ఓడ మీదున్నంత నగిషీ తగిలిస్తే నప్పదు. కిట్ వాళ్లు ఒకే పోతను చాలా ఓడలకు వాడేస్తుంటారు, అసలు చిక్కు అక్కడ ఉంది.

చిన్నఉలి:
పాతపటం గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, ప్లాన్ చూడకుండా ఉలి పట్టకూడదు.

నల్లపూత గారూ, ఆ ఖైదీలు ఎముకను ఒక్కో ముక్కా చేత్తో కోసి, గీకి చేశారు. ఎవరో పోత పోసింది తెచ్చి అతికించలేదు. నేను అడుగుతున్నదీ అదే. ఎముకైనా పర్వాలేదు, ఆకారం మన చేతుల్లో ఉండాలి. ఇక రంగు అన్నీ కప్పేస్తుందన్నారు. అంచులను కప్పదు. పోతలో మెడ దగ్గర ఉండే సన్న గాడి గుండ్రబడిపోయి వస్తుంది, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు పడితే మిగిలిన గీత కూడా పూడిపోతుంది. చెక్కలో గీసిన గాడి పదునుగా ఉంటుంది కాబట్టి రెండు పల్చటి పూతలు పడ్డా నిలుస్తుంది.

తెరచాప గారూ, ఇది అనుకున్నంత టెన్షన్ పని కాదు. పియర్ గానీ బాక్స్‌వుడ్ గానీ (రెండూ నున్నటి, గట్టి చెక్కలు) ఓ చిన్న పలక తీసుకోండి. వాల్‌నట్ వద్దు, దాని రంధ్రాలు ఈ సైజులో గోతుల్లా కనిపిస్తాయి. పలక మందం బాలస్టర్ వెడల్పంత, పలక వెడల్పు బాలస్టర్ ఎత్తంత ఉండాలి. చెక్క పీచు మాత్రం ఎత్తు వెంబడే పోవాలి, ఇది మర్చిపోతే మెడ దగ్గర టక్కున విరుగుతుంది. పలక రెండు ముఖాల మీదా ఈ చివర నుంచి ఆ చివరకు బాలస్టర్ పొట్ట, మెడ, పాదం ఆకారాన్ని సూది ఆకురాళ్లతో దించండి. పీచుకు అడ్డంగా పోతున్నారు కాబట్టి గీకుడు బ్లేడు వాడితే చిరుగుతుంది. తర్వాత సన్న రంపంతో 1.2 మి.మీ. చొప్పున ముక్కలు కోసుకుంటూ పొండి. అన్నీ ఒకే అచ్చులో వస్తాయి, విరిగేవి ఉంటాయి కాబట్టి కొన్ని ఎక్కువే కోసి పెట్టుకోండి.

రెయిలింగ్ పై కమ్మీకి మాత్రం గీకుడు బ్లేడే సరైనది. పాత హాక్సా బ్లేడు అంచులో మోల్డింగ్ ఆకారానికి ఉల్టాగా చిన్న గాడి తీసి, పలక అంచు మీద తేలిగ్గా లాగుతూ పోవాలి. బలం పెట్టకూడదు. అంచు పలకకు అంటుకుని ఉండగానే ఆకారం తీసి, ఆ తర్వాత కోసుకోవాలి. ముందే సన్న కమ్మీగా కోస్తే చేతిలో వంగిపోతూ ఉంటుంది.

నల్లపూత:
పద్ధతి బాగుంది, కాదనను. కానీ ఇందులో ఒక లోపం ఉంది, మీరు దాటేశారు. ఇలా కోసిన బాలస్టర్‌కు రెండు పక్కలే ఆకారం వస్తుంది, ముందూ వెనకా చదును. అసలు ఓడలో లేత్ మీద తిప్పిన గుండ్రటివైతే మీ చెక్కవి కూడా తప్పేగా? పోతవి కనీసం గుండ్రంగా ఉన్నాయి.

చిన్నఉలి:
మంచి ప్రశ్న. గ్యాలరీ తెరిచిందా మూసిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. గోడకు ఆనించి అలంకారంగా పెట్టినవి ఎలాగూ ముందువైపు నుంచే కనిపిస్తాయి, కోసిన ముక్క ముందు అంచులు శాండ్‌పేపర్‌తో కాస్త మొద్దు చేస్తే చాలు. తెరిచిన గ్యాలరీలో గుండ్రటివే కావాలంటే బాక్స్‌వుడ్ పుల్లను డ్రిల్లు చక్‌లో బిగించి, తిరుగుతుండగా ఆకురాయితో తీయాలి. 14 మి.మీ. ఎత్తు, మెడ దగ్గర మిల్లీమీటరు కన్నా తక్కువ. అన్నీ ఒకేలా రావడం కష్టమే, ఓపిక కావాలి. అయినా అక్కడ కూడా నేను పోత వాడను, ఎందుకంటే తెరిచిన రెయిలింగ్‌కు ప్రాణం మధ్య ఖాళీల్లోనే ఉంది. లావు స్తంభాలు పెడితే ఖాళీలు మూసుకుపోయి, వెనక కిటికీల వెలుగు కనపడక మొత్తం గోడలా తయారవుతుంది.

నల్లపూత:
ఖాళీల విషయం ఒప్పుకుంటాను. ఓడ పూర్తవడం ముఖ్యం అన్న మాట మీద మాత్రం అలాగే ఉన్నాను. మొదటి ఓడ కట్టేవాళ్లకు నేను ఇప్పటికీ ఆకురాయి పెట్టిన పోత పట్టీయే చెబుతాను.

తెరచాప64:
నాది మొదటిది కాదులెండి. ప్లాన్‌లో గ్యాలరీ తెరిచే ఉంది, పట్టీ కొలిస్తే 1.9 వచ్చింది. చెక్కకే వెళ్తున్నాను. ఒక్క సందేహం, ఆ ఒరుగు ఒక్కోదానికి ఎంత ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? జిగురు ఏది వాడాలి?

చిన్నఉలి:
వెనక ముఖం డ్రాయింగ్‌ను పెద్ద కాగితానికి అతికించి, కిటికీ కమ్మీల గీతలను స్కేలుతో పైకి పొడిగించండి. చాలా ఓడల్లో అవన్నీ పైన ఎక్కడో ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. ఆ బిందువు దగ్గర గుండుసూది గుచ్చి దారం కట్టండి, దారాన్ని ఏ బాలస్టర్ మీదకు లాగితే దాని ఒరుగు అదే. తెల్ల జిగురే వాడండి, సూపర్ గ్లూ బయటికి కారితే తెల్లగా మచ్చ కడుతుంది, ఆ చోట పాలిష్ పట్టదు. చివర్లలో ఉన్న రెండు బాలస్టర్లు ముందు నిలబెట్టి, మధ్యది పెట్టి, మిగతావి వాటి మధ్య నింపుకుంటూ రండి. ఒక పక్క నుంచి మొదలుపెట్టి వరుసగా పోతే చిన్న చిన్న తేడాలన్నీ అవతలి చివరకు చేరతాయి.