మోచెయ్యి మడవని బలానికి 'బారుచెయ్యి' అనొచ్చా?

పర్లాకిమిడి నుంచి అడుగుతున్నాను. సాయంత్రాలు మా వీధి పిల్లలకి నేల మీదా, తాళ్ళకి వేలాడే జిమ్నాస్టిక్స్ రింగుల మీదా కసరత్తు నేర్పుతుంటాను. మోచెయ్యి మడవకుండా ఒంటి బరువంతా మోసే బలాన్ని తెలుగులో ఏమనాలి? దండీలు, బస్కీలు అని మనకి మాటలున్నాయి. కానీ దండీ మోచెయ్యి మడిచి తీసేది. చేతుల మీదే ఒంటిని బోర్లా గాల్లో అడ్డంగా నిలిపే ప్లాంచ్, వేలాడుతూ ఒంటిని వెల్లకిలా అడ్డంగా నిలిపే ఫ్రంట్ లీవర్, రింగుల మీద చేతులు పక్కలకి చాపి నిలిచే ఐరన్ క్రాస్ అలా కాదు. రింగుల పోటీలో ఐరన్ క్రాస్‌ని కనీసం 2 సెకన్లు కదలకుండా నిలపాలి, చెయ్యి వంగితే మార్కులు కోస్తారు.

'నిటారుగా పెట్టు' అంటే పిల్లలు చెయ్యి పైకెత్తేస్తున్నారు. ఒరియా పిల్లలు 'సిధా హాతొ' అంటారు, అది విని మనవాళ్ళు 'సిధా చెయ్యి' అనేస్తున్నారు. ఒకమ్మాయి మాత్రం 'బారుచెయ్యి పెట్టాలా అక్కా?' అంది. నాకు ఎంతో నచ్చింది. రాతలో నిలుస్తుందా?

బరంపురం నుంచి: భేషుగ్గా నిలుస్తుందమ్మా. బారుజడ అనడం లేదూ? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. పిల్లల నోట పుట్టిన మాటని వదిలి నిఘంటువులో వెతకడం దేనికి? దానికి జోడీగా దండీలవీ పుల్ అప్‌లవీ 'మడతచేతి' బలం అనండి.

శ్రీకాకుళం నుంచి: మాస్టారూ, చిన్న అభ్యంతరం. బారు అంటే పొడుగు కదా, వంకర లేకపోవడం కాదు. 'చాచిన చెయ్యి' అంటే చాలదా?

పర్లాకిమిడి: పొడుగు అనే అర్థం ఉంది కాబట్టే నాకది కావాలండీ. కష్టమంతా ఆ పొడుగులోనే ఉంది. మోచెయ్యి మడిస్తే బరువు భుజానికి దగ్గరవుతుంది. బారుగా ఉంచితే దూరమవుతుంది, దూరం పెరిగినకొద్దీ భుజం మీద పడే తిప్పుడు బలం పెరుగుతుంది. ఒళ్ళు కూడా అంతే. ప్లాంచ్‌లో ముందు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని నిలబడతాం, తర్వాత వీపు చదును చేస్తాం, ఆ తర్వాత కాళ్ళు ఎడంగా చాపుతాం, చివరికి దగ్గరకి చేర్చి చాపుతాం. బరువు మారదు, బారు మారుతుంది.

ఇక 'చాచడం' అంటే నాకు 'చాచి కొట్టాడు' గుర్తొస్తుంది. అది ఒక్క ఊపులో అయిపోయే పని. ఇక్కడ చాచాకే పని మొదలవుతుంది. వీపు రెక్కలు కదలకుండా పట్టాలి, మోచెయ్యి బిగిసే ఉండాలి. అరచెయ్యి ముందుకి తిప్పి బారుగా బరువు మోస్తే, జబ్బ కండని మోచేతి కింద ఎముకకి కట్టే స్నాయుబంధనం సాగి ఉండి ఆ లాగుడంతా పడుతుంది. కండ బలపడినంత త్వరగా అది బలపడదు. అందుకే ఒంట్లో సత్తువ ఉన్న కుర్రాళ్ళే ముందు మోచెయ్యి నొప్పి తెచ్చుకుంటారు. వాళ్ళని చూస్తే నాకు భయం. ఏడాది పట్టినా పట్టనీ, రింగుల మీద బారుచేతులతో ఒంటిని నిలిపి ఉంచడం కుదిరాకే మిగతావి.

శ్రీకాకుళం: ఒప్పుకున్నాను. ఈ లెక్కన 'చాచిన' కంటే 'బారు' మేలే.

బరంపురం: ఇంకోటి. రెండు చేతులూ పక్కలకి చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఒక బార. బావి లోతు, తాడు పొడవు మనవాళ్ళు బారల్లోనే చెప్పేవారు. మీ ఐరన్ క్రాస్ అచ్చంగా ఆ బారే. దాన్ని 'బార పట్టు' అనొచ్చేమో చూడమ్మా.

పర్లాకిమిడి: రేపే పిల్లలకి చెప్తాను మాస్టారూ. ఇంకొకటి మిగిలింది. రింగుల మీద నిలబడ్డప్పుడు భుజాలు చెవుల దాకా లేవకుండా కిందికి అదిమి ఉంచాలి. 'భుజం దించు' అంటే పిల్లలు చెయ్యి వదులు చేసేస్తున్నారు. మల్లయోధుడు వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారు పుట్టిన ప్రాంతమిది. విజయనగరం వైపు తాలింఖానాల్లో, అంటే కసరత్తు శాలల్లో, సాము చేసినవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే, ఆ అదుముడికి మీ గురువులు ఏ మాట వాడేవారో చెప్పండి.