థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత కనుపాప చిన్నదైంది, చుక్కల పరీక్ష మళ్లీ చేయించాలా?

ఉండేది విశాఖపట్నం, గాజువాకలో. అమ్మకు 58 ఏళ్లు. ఐదు వారాల క్రితం నగరంలోనే ఒక ఆసుపత్రిలో థైరాయిడ్ గ్రంథి తీశారు. మర్నాటి నుంచే కుడి పైరెప్ప సుమారు 2 మిల్లీమీటర్లు వాలింది, కుడి కనుపాప చిన్నదైంది. చూపు తగ్గలేదు. తలనొప్పి, మెడనొప్పి లేవు.

ఫోనులో ఫొటోలు తీసి పోల్చాను. వెలుతురులో రెండు పాపలకూ తేడా స్వల్పమే. లైటు ఆర్పితే ఎడమది వెంటనే విప్పారుతుంది, కుడిదానికి పది పదిహేను సెకన్లు పడుతోంది. కంటికి వెళ్లే నరం దెబ్బతిందనడానికి నాకు ఇదే బలమైన ఆధారంగా తోస్తోంది. ఇంత ఉక్కపోతలోనూ ముఖం కుడివైపు చెమట పట్టడం లేదు.

నాలుగో రోజున కంటి వైద్యులు హార్నర్ సిండ్రోమ్ (మెడ గుండా కంటికి వెళ్లే నరం దెబ్బతిని రెప్ప వాలడం, పాప చిన్నదవడం) అనుమానంతో 0.5 శాతం అప్రాక్లోనిడిన్ చుక్కలు రెండు కళ్లలోనూ వేశారు. నరం దెబ్బతిని ఉంటే ఆ చుక్కలకు చిన్న పాప పెద్దది కావాలి, కానీ మార్పేమీ లేదు. వయసు వల్ల రెప్ప వాలిందన్నారు. కానీ ఆపరేషన్ ముందురోజు ఫొటోలో రెండు రెప్పలూ సమానంగా ఉన్నాయి! నరం దెబ్బతిన్నాక కనుపాప కండరం ఆ మందుకు అతిగా స్పందించే స్థితికి రావడానికి కొన్ని రోజులు పడుతుందని, తొందరపడి చేస్తే ఫలితం తప్పుగా రావచ్చని చదివాను.

ఐదు వారాలు గడిచాయి కనుక, మెడ స్కాన్‌కు వెళ్లేముందు అదే పరీక్ష ఇప్పుడు మళ్లీ చేయిస్తే నమ్మదగిన ఫలితం వస్తుందా?