పెర్సీ జాక్సన్ సినిమా అంటే పుస్తకం చదివినవాళ్లకి అంత కోపం ఎందుకు?

ఆదివారం_ప్రేక్షకుడు:

మొన్న మా అక్క వాళ్లింట్లో అందరం కూర్చుని పెర్సీ జాక్సన్ మొదటి సినిమా చూశాం, 2010లో వచ్చిన 'ద లైట్నింగ్ థీఫ్'. గ్రీకు దేవుళ్ల రాజు జ్యూస్ పిడుగు ఆయుధాన్ని ఎవరో దొంగిలిస్తే, నింద సముద్రదేవుడు పొసైడన్ కొడుకు పెర్సీ మీద పడుతుంది, స్నేహితులు అన్నాబెత్, గ్రోవర్‌లతో కలిసి వాడు బయల్దేరతాడు, అదీ కథ. ఎప్పుడో కాలేజీలో ఉండగా చూశాను, టైంపాస్‌కి బాగానే ఉందని గుర్తుండి నేనే పెట్టించాను. మా మేనకోడలు ఏడో తరగతి, ఆ సిరీస్ మొదటి ఐదు పుస్తకాలూ అట్టలు ఊడిపోయేదాకా చదివింది. సినిమా మొదలైన దగ్గర్నుంచి "మామయ్యా, పెర్సీ ఇంత పెద్దోడు కాదు", "యుద్ధదేవుడు ఏరీస్ ఏడి అసలు?", "అన్నాబెత్ జుట్టు అది కాదు" అంటూ ఒకటే గొణుగుడు. సగంలో రిమోట్ లాక్కుని కట్టేసింది.

నెట్‌లో వెతికితే ఇన్నేళ్లయినా పెద్దవాళ్లు కూడా ఇదే పాట పాడుతున్నారు. రాసిన రిక్ రయర్డన్ అయితే తను సినిమా చూడనే లేదని చెప్పుకున్నాడట! పుస్తకాన్ని సినిమా చేశాక కొంత కోత తప్పదు కదా. పైగా డైరెక్టర్ క్రిస్ కొలంబస్, హ్యారీ పాటర్ మొదటి రెండూ తీసినాయనే, వాటిని జనం నెత్తిన పెట్టుకున్నారు. దీనికే ఎందుకీ తిట్లు? పుస్తకం చదవని నాలాంటివాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి. కథ ముందే తెలిసిపోయినా నాకేం పర్లేదు.

పుస్తకాల_పురుగు:

మీ మేనకోడలికి నా తరఫున ఒక చాక్లెట్ కొనివ్వండి.

జుట్టు రంగు గొడవ పైపైదే అండి, అసలు దెబ్బ వయసు దగ్గర పడింది. 2005లో వచ్చిన పుస్తకంలో పెర్సీకి 12 ఏళ్లు. జ్యూస్, పొసైడన్, పాతాళాన్నేలే హేడిస్, ఈ ముగ్గురిలో ఎవరి బిడ్డయినా 16 ఏళ్లకి చేరితే దేవుళ్లుండే ఒలింపస్ నిలవడమా కూలడమా అన్నది ఆ బిడ్డ తీసుకునే నిర్ణయం మీద ఉంటుందని ఒక జోస్యం ఉంటుంది. ఐదు పుస్తకాలూ ఆ పుట్టినరోజు వైపే నడుస్తాయి, ఒక్కో పుస్తకానికీ వాడికి ఇంకో ఏడాది దగ్గర పడుతుంటే చదివే మనకి లోపల టెన్షన్ పెరుగుతూ ఉంటుంది. సినిమాలో మొదటి సీన్ నుంచే వాడు హైస్కూల్ కుర్రాడు. పెర్సీగా వేసిన లోగన్ లెర్మన్‌కి షూటింగ్ నాటికి 17, అన్నాబెత్‌గా వేసిన అలెగ్జాండ్రా డడారియోకి 20 దాటేశాయి. ఇంక ఎదురుచూడ్డానికి ఏం మిగిలింది చెప్పండి? 2013లో రెండో సినిమా తీసేటప్పుడు ఈ లెక్కలోనే ఇరుక్కుని, వేరే దారి లేక జోస్యాన్నే 20 ఏళ్లకి మార్చేశారు. అది విన్నప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రయర్డన్‌కి ఇది ముందే తెలుసు. 2009లో స్క్రిప్ట్ చదివి నిర్మాతలకి రాసిన ఉత్తరాల్ని 2018లో తన సైట్‌లో బయటపెట్టాడు. వయసు పెంచితే తర్వాతి భాగాలకి దారి మూసుకుపోతుందని, ఈ పుస్తకాలు చదివేది బడిపిల్లలు కాబట్టి వాళ్లని దూరం చేసుకోవద్దని అప్పుడే మొత్తుకున్నాడు. వినలేదు.

ఇంకో సంగతి. ఈ కథ మొదట ఆయన తన కొడుక్కి రాత్రిళ్లు చెప్పిన కథ, ఆ అబ్బాయికి డిస్లెక్సియా (చదవడంలో అక్షరాలు తడబడటం), ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేకపోవడం) ఉన్నాయి. పుస్తకంలో పెర్సీకీ అవే. ఏ స్కూల్లోనూ ఏడాదికి మించి ఉండనివ్వరు, తప్పంతా తనదేననుకుంటూ బతికే పిల్లాడు వాడు. అక్షరాలు కుదురుగా కనపడకపోవడానికి కారణం వాడి మెదడు ప్రాచీన గ్రీకు చదవడానికి తయారై ఉండటమని తెలిసినప్పుడు పన్నెండేళ్ల పిల్లాడికి కలిగే ఊరట వేరు. సినిమాలోనూ ఆ ముక్క ఉంది, కానీ కండలు తిరిగిన కుర్రాడు కత్తి పట్టుకుని చెప్తే అది ఇంకో సూపర్ పవర్‌లా వినపడుతుంది, అంతే.

మార్నింగ్‌షో_మావ:

నేను పుస్తకం ముట్టుకోలేదు బ్రో, ముట్టుకోను కూడా. నాకు సినిమా నచ్చింది, ఎవరేమన్నా సరే.

పాముల జుట్టు రాక్షసి మెడూసాగా ఉమా థర్మన్ ఎంట్రీ గుర్తుందా? నేరుగా చూస్తే రాయైపోతారని పెర్సీ ఐపాడ్ వెనకవైపు తళతళలాడే స్టీల్‌ని అద్దంలా పట్టుకుని, అందులో ఆవిడ నీడ చూస్తూ వెనక్కి వెనక్కి అడుగులేస్తాడు. పుస్తకంలో ఐపాడ్ లేదు, ఏదో గాజు గోళం అని మా రూమ్మేట్ చెప్పాడు. నన్నడిగితే ఐపాడే బెటర్. లాస్ వేగాస్‌లో లోటస్ క్యాసినో సీన్ ఎలాగూ చెప్పక్కర్లేదు, తామరపువ్వు లాంటి స్వీటు నోట్లో పడగానే ముగ్గురూ లోకం మర్చిపోయి డ్యాన్స్, వెనకాల లేడీ గాగా పాట. సినిమాని తిట్టేవాళ్లు కూడా ఆ సీన్ యూట్యూబ్‌లో మళ్లీ మళ్లీ చూస్తారు, కింద కామెంట్లు చదవండి కావాలంటే.

ఇంకోటి, అందరూ ఫ్లాప్ ఫ్లాప్ అంటారు. 9.5 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 22 కోట్లకి పైగా వచ్చాయి. రెండోది 20 కోట్ల దగ్గర ఆగింది, మూడోది తీయలేదు, అది వేరే విషయం.

పుస్తకాల_పురుగు:

మావా, క్యాసినో సీన్ బాగుందని నేనూ ఒప్పుకుంటా. కానీ నువ్వు చెప్పినవన్నీ విడివిడి సీన్లు. కథ సంగతేంటి? పుస్తకంలో దొంగతనం వెనక జ్యూస్ తండ్రి, టైటన్ల రాజు క్రోనస్ ఉంటాడు, మధ్యలో ఏరీస్ రెండు వైపులా నిప్పు పెడతాడు, చివర్లో పన్నెండేళ్ల పిల్లాడు సముద్రపొడ్డున సాక్షాత్తూ యుద్ధదేవుడితో తలపడతాడు. మొదటి సినిమాలో ఏరీస్‌కి కథలో పనే లేదు, క్రోనస్ అసలు లేడు, అంతా పెర్సీలాగే దేవుడి కొడుకైన లూక్ ఒక్కడే చేసినట్టు తేల్చేశారు.

ఇంకా చిన్నది ఒకటుంది, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ మండింది ఇదే. కథ జరిగేది జూన్‌లో. వేసవిలో హేడిస్ భార్య పర్సెఫొని పాతాళంలో ఉండదు, తల్లి దగ్గరికి వెళ్లిపోతుంది, గ్రీకు పురాణంలో ఋతువులు మారేదే అందుకు. పుస్తకంలో హేడిస్ పక్కన ఆవిడ సింహాసనం ఖాళీగా ఉంటుంది. సినిమాలో మాత్రం పర్సెఫొనిగా వేసిన రొసారియో డాసన్ పాతాళంలోనే దర్జాగా తిరుగుతూ ఉంటుంది. గ్రీకు పురాణం మీద నడిచే కథలో ఇది కూడా చూసుకోరా? 'ఆదిపురుష్'లో రావణుడి జుట్టు చూసి మనం ఎంత గోల చేశామో గుర్తు తెచ్చుకోండి, ఆ పిల్ల గొణుగుడు అర్థమవుతుంది.

డాలస్_అమ్మ:

మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ ఈ పుస్తకాల పిచ్చోళ్లే, అందుకే చెప్తున్నా, సినిమా వదిలేసి సిరీస్ పెట్టండి. 2023 డిసెంబర్లో డిస్నీ ప్లస్‌లో మొదటి సీజన్ వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు, రెండో సీజన్ 2025 డిసెంబర్లో మొదలైంది. ఈసారి రయర్డన్ దగ్గరుండి తీయించాడు, పిల్లలు నిజంగా పిల్లల్లా ఉన్నారు. గ్రోవర్‌గా వేసిన అబ్బాయి ఆర్యన్ సింహాద్రి, ఆ ఇంటిపేరు తెరమీద చూసి మా అత్తగారు కూడా వచ్చి కూర్చున్నారు.

దీనికీ గొడవ తప్పలేదు లెండి. అన్నాబెత్‌గా లియా జెఫ్రీస్‌ని తీసుకున్నామని 2022లో చెప్పగానే, పుస్తకంలో తెల్లపిల్ల కదా అని ఆ చిన్నపిల్ల మీద విరుచుకుపడ్డారు. ఇది జాత్యహంకారమే అని రయర్డన్ మొహమాటం లేకుండా రాశాడు. సినిమాలో అన్నాబెత్ జుట్టు గోధుమరంగులో ఉందని పదేళ్లు జోకులేసుకున్నవాళ్లు (రెండో దాంట్లో పుస్తకంలోలా బంగారు రంగు చేశారు కూడా) ఈ అమ్మాయి విషయంలో జోకులతో ఆగలేదు. రెండూ ఒకటే అని నాకు చెప్పొద్దు.

అయితే సిరీస్‌లోనూ నాకు నచ్చనిది ఉంది. పుస్తకంలో మెడూసా 'ఆంటీ ఎమ్' పేరుతో నడిపే బొమ్మల కొట్టు చూడండి, ఆకలేసిన పిల్లలకి బర్గర్లు పెడుతుంది, చుట్టూ భయంతో బిగుసుకుపోయిన మొహాలతో రాతిబొమ్మలు, అందులో ఒకటి మా ఫెర్డినాండ్ మావయ్యలా ఉందే అని గ్రోవర్ అంటాడు, ఏదో తేడాగా ఉందని చదివేవాళ్లకి ముందే తెలిసిపోయి గుండె దడదడలాడుతుంది. సిరీస్‌లో తలుపు దగ్గరే "ఈవిడ మెడూసా" అని తేల్చేసుకుంటారు. ప్రతిదీ ముందే తెలిసిపోతే పిల్లలకి భయమెక్కడిది? మా చిన్నవాడికి ఆ ఎపిసోడ్‌లో నిద్రొచ్చింది.

ఆదివారం_ప్రేక్షకుడు:

అందరికీ థ్యాంక్స్ అండి. వయసు సంగతి ఇప్పుడు అర్థమైంది. మా మేనకోడల్ని అడిగితే ఇవన్నీ సరే కానీ తనకి కోపం తెప్పించింది "గేబ్ విషయం" అంది, అంతకుమించి చెప్పలేదు. గేబ్ అంటే ఆ తాగుబోతు సవతి తండ్రే కదా? వాడు చివర్లో మెడూసా తల ఉన్న ఫ్రిజ్ తెరిచి రాయైపోతాడు, అది బాగానే నవ్వొచ్చింది నాకు.

పుస్తకాల_పురుగు:

మీ మేనకోడలు మామూలుది కాదండి.

పుస్తకంలో గేబ్ పెర్సీ వాళ్లమ్మ సాలీని కొడుతుంటాడు. పెర్సీ నరికిన మెడూసా తల పెట్టెలో ఇంట్లోనే ఉంటుంది, దాన్ని చూసినా రాయైపోతారు, దాంతో వాడి పని పట్టనా అని పెర్సీ అడుగుతాడు. ఆవిడ వద్దంటుంది. నా బతుకు నేనే బాగుచేసుకోవాలి, నువ్వు చేసిపెడితే కాదు అన్నట్టుగా చెప్తుంది. తర్వాత గేబ్ కనపడకుండా పోతాడు, సాలీ తను చేసిన మొదటి శిల్పమని చెప్పి 'పేకాటగాడు' అనే రాతిబొమ్మ అమ్మి, ఆ డబ్బుతో కాలేజీలో చేరుతుంది. ఏం జరిగిందో ఎక్కడా విడమర్చి చెప్పడు, పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెట్టుకుంటారు. సినిమాలో టైటిల్స్ నడుస్తుండగా గేబే వెళ్లి ఫ్రిజ్ తెరుచుకుంటాడు. అంటే ఆవిడ చేసింది ఏమీ లేదు. అంత బాగా తీశారంటున్న సిరీస్‌లోనూ వాడే పార్సిల్ విప్పుకుంటాడు, అక్కడ నేనూ రిమోట్ విసిరేసేదాన్నే.

మార్నింగ్‌షో_మావ:

ఓకే, ఈ ఒక్కదానికి మాత్రం పుస్తకానికే నా ఓటు. శిల్పం అమ్మడం మాస్.

డాలస్_అమ్మ:

తమ్ముడూ, నువ్వు కూడా మొదటి పుస్తకం చదివెయ్యి, చిన్నదే. పాపకి రెండో సినిమా మాత్రం చూపించకు, నాలుగో పుస్తకం చివరిదాకా దాచిన క్రోనస్‌ని అందులోనే లేపి అందులోనే పడుకోబెట్టేశారు, ఈసారి రిమోట్ నీ నెత్తిమీదే పడుతుంది.